హెమరేజ్ అంటే ఎన్ని మిల్లీలీటర్లు?

మా పెద్దమ్మ ఒకరోజు పొద్దున నిద్ర లేచేసరికి కుడికన్ను తెల్లగుడ్డు సగం ఎర్రబడి ఉంది. నొప్పి లేదు, చూపులో తేడా లేదు. ముందురోజు రాత్రి మాత్రం దగ్గు తెర గట్టిగా వచ్చిందట. కంటి డాక్టరు చూసి, చీటీ మీద ఒక మాట రాసి, రెండు వారాల్లో దానంతటదే పోతుందని చెప్పి పంపేశారు. ఇంటికొచ్చాక ఆ మాటను మా చిన్నోడు కూడబలుక్కుని చదివాడు: సబ్‌కంజంక్టైవల్ హెమరేజ్. రెండో ముక్క వినగానే పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. ఆమె మరిది పోయింది బ్రెయిన్ హెమరేజ్‌తోనే. "కంట్లోంచి తలలోకి పాకదు గదరా?" అని సాయంత్రం దాకా అదే ప్రశ్న.

ఆమె భయాన్ని తప్పుపట్టలేం. మనిషిని నిలువునా తీసుకుపోయిన జబ్బుకీ, మందు కూడా అక్కర్లేని కంటి ఎరుపుకీ వైద్యం ఒకటే పేరు పెట్టింది. మనం హెమరేజ్ అంటే తీవ్రమైన రక్తస్రావం అనుకుంటాం. పత్రికలూ అలాగే రాస్తాయి. డాక్టరు భాషలో మాత్రం ఆ మాటకు అర్థం ఒక్కటే: రక్తం రక్తనాళం దాటి బయటికి వచ్చింది. చుక్క వచ్చినా, రెండు లీటర్లు వచ్చినా ఆ మాట సరిపోతుంది. 'ఎంత' అన్న సంగతి దానిలో లేదు, పక్కన అంకె వేస్తే తప్ప తెలియదు.

గ్రీకులో 'హైమా' అంటే రక్తం. రెండో భాగం 'పగలడం, చీల్చుకుని బయటపడడం' అనే అర్థమిచ్చే క్రియ నుంచి వచ్చింది. మన 'స్రావం' కారడాన్ని చెబుతుంది, చీలడాన్ని కాదు. తమాషా ఏమిటంటే, రక్తం కారడం అనే అర్థమే ఉన్న గ్రీకు మాట ఇంకొకటుంది: హెమరాయిడ్స్, అంటే మన అర్శమొలలు. ధాతువుల లెక్కన చూస్తే మన రక్తస్రావం దానికే దగ్గర చుట్టం! అయినా వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి పేచీ లేదు. 'రక్తపాతం' మాత్రం ఇక్కడ పొసగదు, అది కత్తులూ కొట్లాటల మాట. ఇళ్లలో 'నెత్తురు పోతోంది' అంటారు, ఆసుపత్రి వరండాలో 'బ్లీడింగ్ అవుతోంది' అంటారు. చర్మం కింద నెత్తురు చేరితే 'కమిలింది' అంటాం. అదీ హెమరేజే. ఆ మచ్చ రెండు మూడు మిల్లీమీటర్లలోపుంటే ఒక పేరు, సెంటీమీటరు దాకా ఇంకో పేరు, అది దాటితే మరో పేరు పెట్టారు వైద్యులు. చర్మం దగ్గర స్కేలు పెట్టి అంత నిక్కచ్చిగా కొలిచే వైద్యం, ప్రాణం పోయే చోట చాలాకాలం కంటితో అంచనా వేసి సరిపెట్టుకుంది. ఆ కథకు తర్వాత వస్తాను.

30 మి.లీ. చాలు

ముందు పెద్దమ్మ మరిది జబ్బు సంగతి. పుర్రె సాగని డబ్బా. దానిలో మెదడు సుమారు 1,400 మి.లీ., రక్తం 150, మెదడు చుట్టూ ఉండే ద్రవం ఇంకో 150. ఖాళీ జాగా లేదు. కొత్తగా ఏది వచ్చి చేరినా ఉన్నదాన్ని నొక్కాల్సిందే. అందుకే మెదడులోకి కారే రక్తం విషయంలో డాక్టర్లు గీసుకున్న గీత 30 మి.లీ. దగ్గర ఉంటుంది. దగ్గు మందు సీసా మూతతో మూడుసార్లు కొలిస్తే అంతే. రోగి ఎంతవరకు గట్టెక్కుతాడో అంచనా వేసే స్కోరులో ఆ గీత దాటితే ఒక పాయింటు కలుపుతారు.

1993లో అమెరికాలోని సిన్సినాటి వైద్యులు 188 మంది రోగుల లెక్క తీశారు. గడ్డ 60 మి.లీ. దాటి, రోగి గాఢమైన అపస్మారకంలో ఉంటే 30 రోజుల్లో మరణించే అవకాశం 91 శాతమని తేలింది. గడ్డ 30 లోపుండి, స్పృహ కొంత ఉంటే 19 శాతం. 60 మి.లీ. పోస్తే ఇరానీ చాయ్ కప్పు కూడా నిండదు.

ఈ కొలత ఎలా తెలుస్తుందంటే, లెక్క మీరూ వేయగలిగినంత తేలిక. సీటీ స్కాన్‌లో కనిపించే గడ్డ పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని, మూడింటినీ గుణించి, సగం చేయాలి. 5, 4, 3 సెంటీమీటర్ల గడ్డ అయితే 60లో సగం, అంటే 30 మి.లీ. రిపోర్టులో ఈ మూడు కొలతలూ మామూలుగా రాసే ఉంటాయి.

పక్షవాతం వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి నాళం పూడుకుపోవడమే కారణం. కొందరికే నాళం చిట్లుతుంది. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు. పూడికకు ఇచ్చే మందు చిట్లినవాడికి విషమవుతుంది. కాబట్టి మూతి వంకర పోయిందని ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ నోట్లో వేయకండి. స్కాన్ తీసేదాకా ఏది ఏదో డాక్టరుకు కూడా తెలియదు.

టెన్నిస్ లెక్క

ఇక ఒళ్లంతటి సంగతి. పెద్దవాళ్లలో కిలో బరువుకు సుమారు 70 మి.లీ. రక్తం ఉంటుంది. 70 కిలోల మనిషికి దాదాపు 5 లీటర్లు. అర లీటరు పాల ప్యాకెట్లు పది అనుకోండి. 45 కిలోల మనిషికి 3 లీటర్ల పైచిలుకు, ఆరు ప్యాకెట్లు.

ప్రమాదాల్లో గాయపడిన వాళ్లకు రక్తం ఎంత పోయిందో చెప్పడానికి వైద్యులు నాలుగు తరగతులు పెట్టుకున్నారు. మొత్తం రక్తంలో 15 శాతం దాకా మొదటిది, 30 దాకా రెండోది, 40 దాకా మూడోది, ఆపైన నాలుగోది. 15, 30, 40, ఆపైన గేమ్. టెన్నిస్ స్కోరులా ఉందని వైద్య విద్యార్థులు అలాగే బట్టీ పడతారు. 70 కిలోల మనిషికి ఆ గీతలు 750, 1,500, 2,000 మి.లీ. దగ్గర పడతాయి.

ఇందులో సామాన్యులకు పనికొచ్చే ముఖ్యమైన సంగతి రెండో తరగతిలో ఉంది. ఒంట్లో రక్తం దాదాపు మూడోవంతు పోయేదాకా, పడుకుని ఉన్న మనిషి బీపీ మామూలుగానే కనిపించవచ్చు. నాడి మాత్రం 100 దాటి పరిగెడుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి ఊరికే కంగారు పడతాడు. బీపీ పడిపోయేసరికి మూడో తరగతిలోకి వచ్చేశామన్నమాట. 'బీపీ నార్మలే, ఏం పర్లేదు' అన్న మాట వినగానే గుండెల మీద చెయ్యి వేసుకోవద్దు, నాడి ఎంతుందో కూడా అడగండి. గర్భిణుల దగ్గర డాక్టర్లు నాడిని పై బీపీతో భాగించి చూస్తారు. 0.9 చేరిందంటే అప్రమత్తమవుతారు.

హిమోగ్లోబిన్ పరీక్ష కూడా ఇలాగే మోసం చేస్తుంది. సాంబారు గిన్నెలోంచి నాలుగు గరిటెలు తీసేస్తే మిగిలిన సాంబారు పలచబడదు, నీళ్లు పోశాకే పలచబడుతుంది. రక్తం పోయిన వెంటనే పరీక్ష చేస్తే పాత అంకే వస్తుంది. ఒళ్లు తన ద్రవాలను నాళాల్లోకి లాక్కున్నాకో, సెలైన్ ఎక్కించాకో ఆ అంకె పడిపోతుంది.

ఇంకొకటి, రక్తం బయటికి కనబడాలన్న నియమం లేదు. తొడ ఎముక ఒక్కటి విరిగితే లీటరు, లీటరున్నర నెత్తురు తొడలోనే దాక్కోవచ్చు. కింద ఒక్క చుక్క కూడా పడదు.

పాల ప్యాకెట్ దగ్గర గీసిన గీత

రక్తదానంలో మన దగ్గర 350 మి.లీ. తీసుకుంటారు. బరువు ఎక్కువున్న వాళ్ల నుంచి 450. 45 కిలోల అమ్మాయి 350 ఇచ్చిందంటే ఒంట్లోని రక్తంలో 11 శాతం ఇచ్చినట్టు. బిస్కెట్ తిని, జ్యూస్ తాగి, స్కూటీ ఎక్కి వెళ్లిపోతుంది. అదే అమ్మాయికి కాన్పయింది అనుకుందాం. గర్భంలో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది కాబట్టి అప్పటికి ఆమెకు నాలుగున్నర లీటర్లుంటుంది. కాన్పు తర్వాత 500 మి.లీ. పోతే అదీ 11 శాతమే. మరి అక్కడ బిస్కెట్, ఇక్కడ పరుగులా?

తేడా అంకెలో లేదు, కుళాయిలో ఉంది. రక్తదానంలో 350 దగ్గర గొట్టం మూసేస్తారు. కాన్పులో ఆ కుళాయి మూయాల్సింది గర్భసంచే. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మి.లీ. రక్తం వస్తుంటుంది. మాయ ఊడిపడగానే ఆ నాళాల మూతులన్నీ తెరుచుకుంటాయి. గోనెసంచి మూతి తాడు బిగించినట్టు గర్భసంచి కండరాలు బిగుసుకుని వాటిని నొక్కిపెట్టాలి. బిగుసుకోకపోతే నిమిషాల్లో లీటర్లు. కాన్పు తర్వాత అధిక రక్తస్రావానికి పదింట ఏడుసార్లు ఇదే కారణం. మిగతావి చిరుగులు, లోపల మిగిలిన మాయ ముక్క, గడ్డకట్టని రక్తం. వైద్యం అందకపోతే తల్లి చేతిలో ఉండే సమయం సుమారు రెండు గంటలని ప్రజారోగ్య పాఠాలు చెబుతాయి. ఇన్ఫెక్షన్‌కైతే రోజులు పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం కాన్పయిన 24 గంటల్లో 500 మి.లీ. లేదా అంతకు మించి పోతే హెమరేజ్, 1,000 దాటితే తీవ్రం. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017లో గీతను 1,000 దగ్గరికి జరిపింది. కాకపోతే అంతకంటే తక్కువే పోయినా షాక్ లక్షణాలుంటే హెమరేజ్ కిందే లెక్కించాలంది. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల, మంత్రసానుల సమాఖ్యలు కలిసి కొత్త మార్గదర్శకాలు తెచ్చాయి. 300 మి.లీ. పోయి, నాడిలోనో బీపీలోనో తేడా కనిపిస్తే 500 దాకా చూస్తూ కూర్చోకుండా వైద్యం మొదలుపెట్టమన్నాయి. ఒక గీత పైకి, ఒకటి కిందికి! నా ఓటు 300కే. గీత ఉన్నది గణాంకాలు రాసుకోవడానికి కాదు, లేచి పరిగెత్తడానికి. ముందే పరిగెత్తితే పోయేదేముంది?

అయితే 300 అయ్యిందని ఎలా తెలియాలి? ఇందాక చెప్పిన కంటి అంచనా కథ ఇక్కడే. రక్తం పక్కబట్టలో ఇంకుతుంది, నేల మీద పరుచుకుంటుంది, ఉమ్మనీటితో కలుస్తుంది. చూసేవాళ్లు దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతారు. బ్రిటన్‌లో ఇందుకోసం బొమ్మల పటం తయారుచేశారు. నేల మీద మడుగు 50 సెంటీమీటర్ల అడ్డకొలత ఉంటే 500 మి.లీ., 75 ఉంటే లీటరు, మీటరుంటే లీటరున్నర. పూర్తిగా తడిసిన శానిటరీ ప్యాడ్ 100 మి.లీ.

అసలు పరిష్కారం మన పొరుగు నుంచే వచ్చింది. కర్ణాటకలోని బెళగావి వైద్యులు 2000 తర్వాతి తొలి ఏళ్లలో, పల్లెల్లో కాన్పుల మీద పరిశోధన చేస్తూ ఒక ప్లాస్టిక్ షీటు తయారుచేసుకున్నారు. తల్లి నడుం కింద పరిస్తే రక్తమంతా గరాటు లాంటి కొసలోకి జారుతుంది. కొస మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. అంతే, అంతకుమించి దానిలో విద్య లేదు. ఆ షీటుతో కొలిచినదానికీ కంటితో చెప్పినదానికీ పోలిక పెడితే కంటి లెక్క 33 శాతం తక్కువ తేలింది. అంటే గీత దగ్గర మూడోవంతు మాయమైపోతోందన్నమాట. 750 పోతే 500 అంటున్నారు.

గీతల షీటు ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో చూడటానికి కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో పెద్ద పరిశోధన జరిగింది. కాన్పులు 2 లక్షల పైనే. 2023లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో నడిచిన ఆసుపత్రుల్లో హెమరేజ్ కేసుల్లో 51 శాతాన్నే గుర్తుపట్టారు. షీటు వాడిన చోట 93 శాతం. గుర్తుపట్టగానే గర్భసంచి మర్దన, బిగుసుకునే ఇంజెక్షన్, ట్రానెక్జామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒక్కసారే మొదలుపెట్టారు. లీటరు దాటిన రక్తస్రావం, పొట్ట కోయాల్సి రావడం, రక్తం పోయి మరణించడం, ఈ మూడింటినీ కలిపి చూస్తే 4.3 శాతం నుంచి 1.6కు పడిపోయాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

ట్రానెక్జామిక్ యాసిడ్ గురించి ఒక్క మాట చెప్పాలి. నెలసరి ఎక్కువైతే ఇచ్చే మాత్రగా మన ఇళ్లలో చాలామందికి అది తెలుసు. జపాన్‌కు చెందిన ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే ఒకమోటో 1962లో కనిపెట్టారు. కట్టిన గడ్డ తొందరగా కరిగిపోకుండా ఆపుతుంది. 21 దేశాల్లో 20,060 మంది తల్లుల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి: మూడు గంటల్లోపు ఇస్తే రక్తం పోయి మరణించేవారు దాదాపు మూడోవంతు తగ్గారు. మూడు గంటలు దాటాక ఇస్తే లాభం కనిపించలేదు. ఆలస్యమైన ప్రతి 15 నిమిషాలకూ ఫలితం సుమారు పది శాతం చొప్పున కరిగిపోతుందని తర్వాతి లెక్క. కారుచవక మందు, గడియారంతో పోటీ.

మన రెండు రాష్ట్రాల్లో ఈ లెక్కలన్నీ ఆసుపత్రి గోడల మధ్యే తేలాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లు. మామూలు కాన్పు కన్నా సిజేరియన్‌లో రక్తం ఎక్కువ పోతుంది. దానికి తోడు 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతానికి, ఆంధ్రలో 58.8 శాతానికి రక్తహీనత. పలచబడ్డ రక్తం నుంచి అర లీటరు పోవడం, చిక్కటి రక్తం నుంచి అర లీటరు పోవడం ఒకటి కాదు. ఇంత ఉన్నా 2018-20లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రలో 45. దేశం సగటు అప్పుడు 97. మెచ్చుకోవాల్సిందే. కేరళలో అప్పటికే 19, అదీ మరిచిపోకూడదు.

రక్తపింజర, డెంగీ

పేరులోనే నెత్తురున్న పాము మనకుంది. రక్తపింజర విషం రక్తంలో గడ్డకట్టే సరుకునంతా ముందే ఖర్చుచేయించేస్తుంది. ఆ తర్వాత చిగుళ్ల నుంచి, కాటు దగ్గర్నుంచి, మూత్రంలో నెత్తురు ఆగదు. విషం ఎక్కిందో లేదో తేల్చే పరీక్షకు ల్యాబ్ కూడా అక్కర్లేదు. 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూస్తారు. నీళ్లలా జారితే విరుగుడు ఇంజెక్షన్ మొదలు. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. గాజు తగిలితేనే రక్తం గడ్డకట్టే పని అందుకుంటుంది.

డెంగీ దగ్గర హెమరేజ్ అన్న మాట మనల్ని తప్పుదోవ పట్టించింది. 'డెంగీ హెమరేజిక్ ఫీవర్' అనగానే అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదికే పోయాయి. నిజానికి అందులో ప్రాణాల మీదికి వచ్చేది చాలాసార్లు రక్తం కారడం వల్ల కాదు, నాళాల్లోంచి నీరు చెమర్చి రక్తం చిక్కబడి, షాక్‌లోకి వెళ్లడం వల్ల. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బు తరగతులు మార్చి 'తీవ్ర డెంగీ' అన్న పేరు తెచ్చింది. పదిహేనేళ్లు దాటినా మన వార్తల్లో పాత పేరే. 40 వేలకు పడ్డాయనగానే ప్లేట్‌లెట్ల కోసం ఊరంతా తిరుగుతాం. ఎక్కడా రక్తం కారనప్పుడు వాటిని ఎక్కించే ఆలోచన మామూలుగా 10 వేల లోపుకు దిగాకే వస్తుంది. అప్పటిదాకా చూడాల్సింది మూత్రం సరిగా వస్తోందా, కడుపునొప్పి, ఆగని వాంతులు ఉన్నాయా, చేతులు చల్లబడుతున్నాయా అన్నవి.

పత్రికల్లో పనిచేసేవాళ్లకు ఒక మనవి. 'అధిక రక్తస్రావంతో బాలింత మృతి' అని రాసేటప్పుడు, ఎంత పోయిందో ఎవరైనా కొలిచారా అని ఒక్కసారి ఆసుపత్రిని అడగండి.

ఇక బాలింత ఉన్న ఇంటికి. హెమరేజ్ 24 గంటలతో అయిపోదు, 12 వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, కోడిగుడ్డంత గడ్డలు పడుతుంటే, నాడి పరిగెడుతుంటే, మైలబట్ట మామూలేలే అని పెద్దవాళ్లు ఎవరన్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.